పరుగువీరుడు లూయిస్ టెవానిమా

మన సంచికలో ప్రతిసారీ ఒక మహనీయుడి జీవితం ఉంటుంది. ఈసారి మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా కనిపించని ఒక హాస్టల్ విద్యార్థి గురించి రాస్తున్నాను. ఆయన ఆ హాస్టల్‌కు దరఖాస్తు పెట్టుకుని వెళ్లలేదు. అమ్మానాన్నలు చేర్పించనూ లేదు. ప్రభుత్వం ఆయన్ని ఖైదీగా పట్టుకుపోయి అక్కడ చేర్చింది. అయిదేళ్ల తర్వాత అదే ప్రభుత్వం జెండా కింద పరుగెత్తి ఆయన ఒలింపిక్ రజత పతకం గెలిచారు. ఆ తర్వాత చేసిన పని ఇంకా గొప్పదని నా అభిప్రాయం. దాని దగ్గరికి నెమ్మదిగా వద్దాం.

అమెరికా పటంలో కింద ఎడమవైపున అరిజోనా రాష్ట్రం ఉంటుంది. దాని ఈశాన్య భాగంలో, ఎడారిలాంటి నేల మధ్య, మూడు రాతి గుట్టలు ఉన్నాయి. పైభాగం బల్లలా చదునుగా ఉంటుంది కాబట్టి వాటిని మెసాలు అంటారు. స్పానిష్ భాషలో మెసా అంటే బల్లే. తూర్పు నుంచి పడమరకు మొదటి మెసా, రెండో మెసా, మూడో మెసా అని పిలుస్తారు. ఆ గుట్టల మీదా, వాటి పాదాల దగ్గరా డజను పల్లెల్లో హోపీ ప్రజలు ఉంటారు. మూడో మెసా మీది ఒరాయ్‌బి అనే ఊళ్లో దాదాపు తొమ్మిది వందల ఏళ్లుగా జనం ఎడతెగకుండా కాపురం చేస్తున్నారు. అంటే 1492లో కొలంబస్ అటువైపు వెళ్లేనాటికే ఆ ఊరు పాత ఊరు! మనం చిన్నప్పుడు చదువుకున్న రెడ్ ఇండియన్లు అనే మాట కొలంబస్ పొరపాటు వల్ల పుట్టింది. ఆ జనానికి అది నచ్చదు. వాళ్లకు వాళ్ల పేర్లు ఉన్నాయి. హోపీ, నవాహో, లకోటా, ఇలా వందల జాతులు.

హోపీలది వానాధార వ్యవసాయం. ఏడాది మొత్తం మీద పది అంగుళాల వాన పడితే అది మంచి ఏడాది. నదీ లేదు, కాలువా లేదు. కొయ్య గునపంతో లోతుగా గుంట తీసి, అడుగున చెమ్మ తగిలేచోట మొక్కజొన్న గింజలు వేస్తారు. నీలం, తెలుపు, ఎరుపు, పసుపు రంగుల్లో కంకులు కాస్తాయి. ఇల్లు, పొలం ఆడవారి వంశాన్ని బట్టి వస్తాయి. పెళ్లయ్యాక మగవాడే అత్తవారింటికి వెళ్లి ఉంటాడు. మన దగ్గర ఇల్లరికం అంటే కాస్త చిన్నచూపు కదా, అక్కడ అదే సంప్రదాయం.

అటువంటి నేల మీద పరుగుకు వేరే అర్థం ఉంది. తెల్లవారకముందే మగపిల్లలను లేపి, గుట్ట దిగి ఊట దగ్గరిదాకా పరుగెత్తి రమ్మనేవారు. ఊరి నుంచి ఊరికి కబురు తీసుకెళ్లేవాడూ పరుగెత్తాల్సిందే. చేలు దూరంగా ఉంటాయి కాబట్టి పొద్దున్నే పరుగెత్తి వెళ్లి, పని చేసుకుని, మళ్లీ పరుగెత్తి వచ్చేవారు. పూజల సమయంలో జరిగే పరుగులు వాన కోసం. పరుగెత్తేవాడు మేఘాలను ఊరివైపు పిలుచుకొస్తాడని నమ్మకం. గెలిచినవాడి గొప్ప కోసం కాకుండా చేలు పండాలని, ఊరు చల్లగా ఉండాలని పరుగెత్తుతారు. ఇది గుర్తుంచుకోండి, ముందు అవసరం పడుతుంది.

రెండో మెసా మీద షుంగోపావి అనే పల్లె ఉంది. 1888 ప్రాంతంలో చోకహోవి టెవానిమా అక్కడ పుట్టారు. ఖచ్చితమైన తేదీ ఎవరూ రాసిపెట్టలేదు. లూయిస్ అనేది బయటివాళ్లు తగిలించిన పేరు. చిన్నతనంలో కుందేళ్ల వెంట పరుగెత్తేవారట. అరవై మైళ్లకు పైగా దూరంలో ఉన్న విన్స్‌లో ఊరికి రైళ్లు చూడడానికి పరుగున వెళ్లి, మళ్లీ పరుగున తిరిగి వచ్చేవారట. ఇందులో నిజమెంతో, అభిమానం ఎంతో తేల్చడం కష్టం. గొప్ప పరుగువీరులందరి గురించీ ఇలాంటి కథలు పుడుతూనే ఉంటాయి. అయితే ఆ ఊళ్లో అంత దూరం పరుగెత్తడం జరగని పని మాత్రం కాదు.

ఇక బడి సంగతి. 1887లో ప్రభుత్వం హోపీల పిల్లల కోసం కీమ్స్ కాన్యన్ అనే చోట బోర్డింగ్ స్కూల్ తెరిచింది. పిల్లలను పంపాలని ఒత్తిడి పెరిగింది. కొందరు పంపారు, కొందరు ససేమిరా అన్నారు. బడికి వెళ్లిన పిల్లవాడు భాష మరచి, పూజలు మరచి, పొలం మరచి పరాయివాడైపోతాడని వాళ్ల భయం. మొండికేసినందుకు 19 మంది హోపీ మగవాళ్లను 1895 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రంలోని ఆల్కట్రాజ్ దీవి జైలుకు పంపారు. నెలల తరబడి అక్కడే ఉంచారు. పిల్లలను హాస్టల్‌కు పంపనందుకు, భూములను ముక్కలుగా పంచడానికి ఒప్పుకోనందుకు తండ్రులకు జైలు!

బడికి, ప్రభుత్వానికి సర్దుకుపోదామన్న వర్గం, వద్దన్న వర్గం చివరికి ఒకే ఊళ్లో ఉండలేకపోయాయి. 1906 సెప్టెంబరులో ఒరాయ్‌బిలో నేల మీద ఒక గీత గీశారు. రెండు వర్గాలూ ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు నెట్టుకున్నారు. ఆయుధాలు లేవు, రక్తం చిందలేదు. వద్దన్నవాళ్లు ఓడారు. అదే సాయంత్రం మూటాముల్లె కట్టుకుని ఊరు వదిలి, కొన్ని మైళ్ల దూరంలో హోట్‌విల్లా అనే కొత్త ఊరు కట్టుకున్నారు. షుంగోపావి నుంచి వచ్చి వద్దన్నవారి పక్షాన చేరిన యువకుల్లో టెవానిమా ఒకరు. కొన్ని వారాలకు సైన్యం వచ్చింది. పెద్దలను జైళ్లకు పంపింది. పదిమందికి పైగా యువకులను దాదాపు రెండు వేల మైళ్ల దూరంలో, దేశానికి అటు చివర పెన్సిల్వేనియాలో ఉన్న కార్లైల్ బోర్డింగ్ స్కూల్‌కు పంపింది. 1907 జనవరిలో వాళ్లు అక్కడికి చేరారు. టెవానిమాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు ఉండవచ్చు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

కార్లైల్‌ను 1879లో ప్రాట్ అనే సైనికాధికారి స్థాపించారు. మూలవాసి పిల్లల్లో మూలవాసి లక్షణాలు పూర్తిగా తుడిచేసి తెల్లవాడిలా మార్చేస్తేనే వాళ్లు బతుకుతారని ఆయన సిద్ధాంతం. తాను మేలు చేస్తున్నానని ఆయన మనసారా నమ్మారు. పిల్లలు రాగానే జుట్టు కత్తిరించేవారు. సొంత బట్టలు తీసేసి యూనిఫాం వేసేవారు. కొత్త పేరు పెట్టేవారు. సొంత భాష మాట్లాడితే శిక్ష. వచ్చినప్పుడు ఒక ఫొటో, కొన్నాళ్లకు మరొక ఫొటో తీసి, చూడండి ఎంత మారారో అని దాతలకు చూపించేవారు. సగం రోజు చదువు, సగం రోజు పని. వేసవి సెలవుల్లో ఇంటికి పంపకుండా తెల్లవారి పొలాల్లో, ఇళ్లలో పనికి పెట్టేవారు. జబ్బు చేసి చనిపోయిన పిల్లలను అక్కడే పాతిపెట్టారు. ఆ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 2017 నుంచి కొందరు పిల్లల అస్థికలను వాళ్ల జాతులవారు తమ ఊళ్లకు తీసుకువెళ్తున్నారు.

ఇది చదువుతుంటే మన హాస్టల్ గుర్తుకు రాకుండా ఉండదు. ట్రంకుపెట్టె, వరుసగా మంచాలు, గంట కొడితే భోజనం, పండక్కి ఇంటికి వెళ్లలేని బాధ. పైకి పోలిక కనిపిస్తుంది. కానీ లోపలి సంగతి పూర్తిగా తలకిందులు. మన తాతలను బడి గుమ్మం తొక్కనివ్వలేదు. చదువు కావాలని పోరాడితే ఈ వసతి గృహాలు వచ్చాయి. హోపీ తాతలు ఆ బడి వద్దని పోరాడి జైలుకు వెళ్లారు. మనకు తలుపు మూశారు, వాళ్లను తలుపు లోపలికి నెట్టారు. రెండుచోట్లా పిల్లవాడికి అందిన మాట మాత్రం ఒకటే, నీ ఇల్లు తక్కువది అని. హాస్టల్లో చేరిన కొత్తలో ఊరి పేరు, నాన్న పని చెప్పడానికి మనలో ఎంతమంది నసిగామో మనకు తెలుసు. అందుకే ఈ కథ మన సంచికలో ఉండాలనుకున్నాను.

కార్లైల్‌లో ఆటల కోచ్ పాప్ వార్నర్. అమెరికా ఫుట్‌బాల్ చరిత్రలో పెద్ద పేరు. టెవానిమా ఆయన దగ్గరికి వెళ్లి తాను పరుగెత్తగలనని చెప్పుకున్నారట. వార్నర్ ఎగాదిగా చూసి ఉంటారు. అయిదడుగుల నాలుగు అంగుళాల మనిషి, బరువు యాభై కిలోల చుట్టుపక్కల. ట్రాక్ మీదకి వదిలాక సంగతి అర్థమైంది. ఒకసారి పోటీకి వెళ్లే రైలు తప్పిపోతే హారిస్‌బర్గ్ దాకా పద్దెనిమిది మైళ్లు పరుగెత్తుకుంటూ వెళ్లి, అక్కడ పోటీలో కూడా పాల్గొని గెలిచారని మరో కథ ఉంది. దీన్నీ విన్స్‌లో రైళ్ల కథ పక్కనే పెట్టండి.

1908 నాటి లండన్ ఒలింపిక్స్ మాత్రం కథ కాదు, చరిత్ర. కార్లైల్‌లో చేరి ఏడాదిన్నర అయినా కాకుండానే టెవానిమా అమెరికా జట్టులో మారథాన్‌కు ఎంపికయ్యారు. జులై 24న ఎండలో, విండ్సర్ కోట నుంచి స్టేడియం దాకా 26 మైళ్ల 385 గజాల పరుగు. నేటికీ మారథాన్ దూరం అదే. ఆ రోజు బయలుదేరిన 55 మందిలో 27 మందే గమ్యం చేరారు. ఇటలీ వీరుడు డొరాండో పియెట్రి స్టేడియంలో పదేపదే పడిపోవడం, అధికారులు లేవనెత్తడం, చివరికి ఆయన్ని అనర్హుడిగా ప్రకటించి అమెరికా వాడైన జానీ హేస్‌కు స్వర్ణం ఇవ్వడం అందరికీ తెలిసిన కథ. టెవానిమా తొమ్మిదో స్థానంలో వచ్చారు. ఆ గొడవలో తొమ్మిదోవాడిని ఎవరు పట్టించుకుంటారు?

తర్వాతి నాలుగేళ్లు తూర్పు అమెరికా నగరాల్లో ఆయన ఎన్నో పోటీల్లో పరుగెత్తారు. 1911లో న్యూయార్క్ వీధుల్లో పన్నెండు మైళ్ల పరుగు గెలిచారు. పత్రికలు ఆయన పేరును రకరకాలుగా తప్పు రాసేవి. ఆయన ఒడ్డూపొడుగూ, మాటతీరూ వాళ్లకు ఒక వింత.

1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్. కార్లైల్ నుంచి ఇద్దరు వెళ్లారు. టెవానిమా, జిమ్ థోర్ప్. ఆ ఏడాదే 10,000 మీటర్ల పరుగును ఒలింపిక్స్‌లో మొదటిసారి ప్రవేశపెట్టారు. జులై 8న ఫైనల్. ఫిన్లాండ్ వీరుడు హానెస్ కోలెమైనెన్ మొదటి నుంచీ దూసుకుపోయారు. ఆ వేగం తట్టుకోలేక ఒక్కొక్కరే ట్రాక్ వదిలేశారు. సగం మంది పరుగు పూర్తి చేయనేలేదు. కోలెమైనెన్ 31 నిమిషాల 20.8 సెకన్లలో ముగించారు. టెవానిమా 32 నిమిషాల 6.6 సెకన్లలో రెండోవారుగా వచ్చి రజత పతకం గెలుచుకున్నారు. నాలుగోవాడి పేరు కూడా చెప్పాలి. కెనడాకు చెందిన జో కీపర్, క్రీ జాతి యువకుడు. ఆయన కూడా అక్కడి బోర్డింగ్ స్కూల్ నుంచి వచ్చినవాడే. ఒకే ఫైనల్లో మొదటి నలుగురిలో ఇద్దరు మూలవాసులు! ఆరు రోజుల తర్వాత జులై 14న టెవానిమా మళ్లీ మారథాన్ పరుగెత్తారు. ఆ రోజు ఎండ ఎంతటిదంటే పోర్చుగల్ యువకుడు లజారో దారిలోనే కుప్పకూలి, మరునాడు ప్రాణం విడిచారు. టెవానిమా 16వ స్థానంలో ముగించారు.

జిమ్ థోర్ప్ పెంటాథ్లాన్, డెకాథ్లాన్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచారు. మరుసటి ఏడాది 1913లో, అంతకు ముందెప్పుడో కొద్ది డబ్బుకు బేస్‌బాల్ ఆడారన్న కారణంతో వాటిని లాగేసుకున్నారు. 1953లో ఆయన చనిపోయారు. 1982లో ఆయనను సహవిజేతగా, 2022లో ఏకైక విజేతగా గుర్తించారు. న్యాయం జరగడానికి 109 ఏళ్లు పట్టిందన్నమాట.

ఇక్కడ ఒక లెక్క చూడండి. టెవానిమా పతకం గెలిచింది 1912లో. అమెరికా మూలవాసులందరికీ పౌరసత్వం ఇచ్చిన చట్టం వచ్చింది 1924లో. అరిజోనాలో రిజర్వేషన్లలో నివసించే మూలవాసులకు ఓటు హక్కు కోర్టు తీర్పుతో దక్కింది 1948లో. పౌరుడు కాని మనిషి, ఖైదీగా వచ్చిన మనిషి, ఆ దేశానికి పతకం తెచ్చి పెట్టారు. ఆగస్టులో కార్లైల్ పట్టణంలో ఊరేగింపు జరిగింది. ఉపన్యాసాలు, చప్పట్లు. చూడండి మా బడి ఎలాంటివారిని తయారుచేసిందో అని గర్వపడ్డారు. ఆ కాళ్లను తయారుచేసింది మాత్రం షుంగోపావి గుట్ట, తెల్లవారుజామున ఊట దాకా వెళ్లే దారి.

ఆ వేడుక అయ్యాక టెవానిమా ఇంటికి వెళ్లిపోయారు.

అంతే. ఆయన వయసు అప్పటికి పాతిక చిల్లర. ఉండి ఉంటే ఇంకా పోటీలు, ఇంకా పేరు. ఆయన మాత్రం గొర్రెలు కాచారు, మొక్కజొన్న పండించారు, పూజల్లో తన వంతు బాధ్యతలు నిర్వర్తించారు. యాంటిలోప్ సంఘం అనే సంప్రదాయ బృందంలో పెద్దల్లో ఒకరయ్యారు. యాభై ఏళ్లకు పైగా అలాగే బతికారు. ఆ కాలపు తెల్లవారి దృష్టిలో, కార్లైల్‌లో ఉండి వచ్చినవాడు మళ్లీ గొర్రెల వెంట తిరగడం అంటే చదువు వృథా అయినట్టే. కానీ ఆయన్ని తీసుకెళ్లిన ఉద్దేశం ఏమిటి? ఆయనలోని హోపీని తీసేయడం. అయిదేళ్ల తర్వాత ఆ హోపీ చెక్కుచెదరకుండా ఇల్లు చేరాడు. ఈ లెక్కన ఓడింది కార్లైలే. 1918లో ఆ బడి మూతపడింది కూడా.

చదువుకుని ఉద్యోగాలకు హైదరాబాదో, విశాఖో, అమెరికానో వెళ్లిన మన పూర్వ విద్యార్థులు దీన్ని తమకు తగిలించిన చురక అనుకోవద్దు. అందరూ ఊరికి తిరిగి వెళ్లి గొర్రెలు కాయాలని నా ఉద్దేశం కాదు. ఆయన వదులుకున్నది పేరు, మనం వదులుకోవాల్సి వచ్చేది అన్నం. రెండూ ఒకటి కావు.

బయటి ప్రపంచం ఆయన్ని మళ్లీ గుర్తుచేసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. 1954లో అమెరికా ట్రాక్ క్రీడాకారుల సార్వకాలిక జట్టులో ఆయనను చేర్చి, న్యూయార్క్‌కు పిలిచి సన్మానించారు. 1957లో అరిజోనా క్రీడా ప్రముఖుల జాబితాలో మొట్టమొదటి పేరు ఆయనదే అయింది. 1964లో టోక్యోలో బిల్లీ మిల్స్ అనే లకోటా యువకుడు 10,000 మీటర్లలో స్వర్ణం గెలిచారు. టెవానిమా తర్వాత ఆ పోటీలో అమెరికాకు పతకం రావడం 52 ఏళ్లకు అదే! మిల్స్ పన్నెండేళ్లకే తల్లినీ తండ్రినీ పోగొట్టుకుని, మూలవాసుల బోర్డింగ్ స్కూల్లో చదువుకున్నవాడు. ఆ విజయం నాటికి టెవానిమా బతికే ఉన్నారు. వయసు డెబ్బై అయిదు దాటింది, చూపు తగ్గుతూ ఉంది.

1969 జనవరి 18 రాత్రి ఒక పూజ ముగించుకుని చీకట్లో నడిచి ఇంటికి వస్తూ దారి తప్పారు. గుట్ట అంచు కనిపించలేదు. డెబ్బై అడుగుల లోతుకు పడి చనిపోయారు. అప్పటికి ఎనభై ఏళ్ల వయసు. జీవితమంతా కాళ్లకు తెలిసిన గుట్ట అది.

ఆయన పేరుతో 1974లో ఆ గుట్టల మీద పరుగుల పోటీ మొదలైంది. అమెరికాలో సెప్టెంబరు మొదటి సోమవారం కార్మిక దినం సెలవు. ఆ సెలవుల్లోనే పోటీ పెడతారు. హోపీల ముసలివాళ్లు, పిల్లలు, బయటి రాష్ట్రాల కుటుంబాలు అందరూ కలిసి పరుగెత్తవచ్చు. దారి పొడవునా నీళ్లందించడం వంటి పనులకు స్వచ్ఛందంగా ముందుకొచ్చేవాళ్లూ ఉంటారు. వెళ్లినవాళ్లు అక్కడి నియమాలు పాటించాలి. పల్లెల్లో ఫొటోలు తీయకూడదు, బొమ్మలు గీయకూడదు, మాటలు, పాటలు రికార్డు చేయకూడదు. అతిథికి కెమెరా అనుమతి లేదు. కార్లైల్ వాళ్లు తీసిన ఫొటోల సంగతి తెలిసినవాళ్లకు ఇది కఠినంగా అనిపించదు. మేలు చేస్తామంటూ వచ్చినవాళ్లను ఆ ఊళ్లు చాలామందినే చూశాయి.

2024 అక్టోబరులో అప్పటి అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ అరిజోనాకే వచ్చి, బోర్డింగ్ స్కూళ్ల పేరుతో జరిగిన అన్యాయానికి ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పారు. డిసెంబరులో కార్లైల్ బడి స్థలాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించారు.

1980ల మధ్య దాకా హోపీ పిల్లలకు తమ నేల మీద హైస్కూలే లేదు. పై తరగతులు చదవాలంటే ఫీనిక్స్‌కో, కాలిఫోర్నియాకో వెళ్లి హాస్టళ్లలో ఉండాల్సి వచ్చేది. 1986లో కీమ్స్ కాన్యన్ దగ్గర, ఒకప్పుడు మొదటి బోర్డింగ్ స్కూల్ పెట్టిన ప్రాంతంలోనే, హోపీ హైస్కూల్ తెరుచుకుంది. 1990 నుంచి 2016 దాకా వరుసగా 27 ఏళ్లు ఆ స్కూలు బాలుర జట్టు తమ విభాగంలో రాష్ట్ర స్థాయి క్రాస్ కంట్రీ పరుగులో విజేతగా నిలిచింది. సాయంత్రం ప్రాక్టీసు అయిపోయాక ఆ పిల్లలు బస్సెక్కి ఇంటికి వెళ్లి, అమ్మ పెట్టింది తిని, తమ ఇంట్లోనే పడుకుంటారు.